రాగం పట్టే చెవి

కచేరీలో పక్కన కూర్చున్నవాళ్లు "ఇదే రాగమండీ?" అని అడిగితే చెప్పేస్తాను. "ఎలా పోల్చుకున్నారు?" అన్నప్పుడే ఆలోచనలో పడతాను. స్వరాలు లెక్కపెట్టి మాత్రం ఎవరూ పోల్చుకోరు. ఆలాపన ఎత్తుకున్న మొదటి రెండు మూడు సంచారాల్లోనే రాగం తెలిసిపోతుంది. స్వరస్థానాల సంగతి ఆ తర్వాత.

దీనికి ఆరభి, దేవగాంధారి కన్నా మంచి రుజువు నాకు దొరకలేదు. రెండూ 29వ మేళకర్త ధీరశంకరాభరణంలో పుట్టినవే. రెండింటికీ ఆరోహణలో గాంధార నిషాదాలు ఉండవు, అవరోహణలో ఏడు స్వరాలూ వస్తాయి. కాగితం మీద రాస్తే తేడా కనిపించదు. పాడితే? ఆరభిలో రిషభం పెద్దగా కంపితం లేకుండా నిలకడగా పలుకుతుంది. గాంధారం మధ్యమాన్ని ఆనుకుని ఇలా తగిలి అలా రిషభంలోకి దిగిపోతుంది. జంట స్వరాలతో చకచకా సాగే రాగమది. దేవగాంధారిలో అదే రిషభాన్ని దీర్ఘంగా పట్టి ఊపుతూ పాడతారు. జారులతో నిదానంగా నడుస్తుంది. త్యాగరాజస్వామి పంచరత్నాల్లోని 'సాధించెనే' విని, వెంటనే 'క్షీరసాగర శయన' వినండి. మొదటిది ఆరభి, రెండోది దేవగాంధారి. శాస్త్రం బొత్తిగా రానివాళ్లకు కూడా రెండూ వేరని తెలుస్తుంది.

ఏ స్వరం పక్కన ఏది వచ్చింది, ఎంతసేపు నిలిచింది, ఊగిందా లేదా, ఎక్కడి నుంచి జారింది, ఇవన్నీ కలిస్తేనే చెవికి రాగం. ఆ కలయిక చెడనంతవరకు మిగతావి ఎన్ని మారినా చెవి తికమకపడదు. ఒకటో శ్రుతిలో గాయకుడు పాడినా, అయిదున్నర శ్రుతిలో గాయని పాడినా, నాదస్వరం మీద వాయించినా ఆరభి ఆరభే. ముఖం కనిపించకముందే వీధి చివర నడకను బట్టి మనవాళ్లను పోల్చుకుంటామే, అలాగన్నమాట.

అందుకే సంగీతం నేర్పేవాళ్లకు, పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులకు ఒక మనవి. ఆరోహణ అవరోహణలు బట్టీ పట్టిస్తే రాగం వచ్చేసిందనుకోకండి. కీబోర్డు మీద ఆ మెట్లు వరసగా నొక్కితే స్వరాలైతే పలుకుతాయి గానీ, ఊగే రిషభం ఆ మెట్ల మధ్యనే ఉండిపోతుంది. ఒక్కో రాగంలో రెండు మూడు కృతులు చెవిలో ఇంకేదాకా వినిపించండి. దగ్గరి రాగాలను జతగా వినిపించండి: ఆరభి తర్వాత దేవగాంధారి, దర్బారు తర్వాత నాయకి. పేర్లు అప్పుడే చెప్పక్కర్లేదు. తేడా ఎక్కడుందో పిల్లలనే పాడి చూపించమనండి. ఆ తర్వాత స్వరం రాసిస్తే, అప్పటికే తమ గొంతులో ఉన్నదానికి లెక్క వాళ్లే కట్టుకుంటారు.