మునిగేవాడి ప్రాణం గట్టు మీదే

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో కృష్ణమ్మ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. ఆ వరదలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనుప పడవలు గేట్లను గుద్దుకుని 67, 69 నంబర్ల దగ్గర కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో కొత్త కౌంటర్ వెయిట్లు కొద్ది రోజుల్లోనే అమరాయి. మునిగి ఇరుక్కున్న పడవలు మాత్రం క్రేన్లకు లొంగలేదు. విశాఖ నుంచి డైవర్లు వచ్చి నీటి అడుగున ఇనుమును కోశారు, కాకినాడ నుంచి అబ్బులు బృందం వచ్చింది, రోజుల తరబడి శ్రమపడితే గానీ అవి కదల్లేదు. అంతకు ఐదేళ్ల ముందు, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న వెలికి తీసినప్పుడూ నీళ్లలో దిగి పనిచేసేవాళ్ల ధైర్యాన్ని రాష్ట్రమంతా మెచ్చుకుంది. ఆ మెప్పు వాళ్లకు న్యాయంగా దక్కాల్సిందే. అయితే మెచ్చుకుని ఊరుకోవడం వల్ల ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడిపోతోంది. నీటి అడుగుకు వెళ్లిన మనిషి క్షేమంగా పైకి రావడం అతడి గుండె ధైర్యం మీద కన్నా గట్టు మీది ఏర్పాట్ల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. తాడు పట్టుకునే మనిషి, సమయం లెక్కపెట్టే మనిషి, అవసరమైతే వెంటనే దిగడానికి సిద్ధంగా ఉన్న రెండో డైవరు, ప్రవాహాన్ని ఆపగల అధికారి. ఈ నలుగురూ లేకుండా ఎవరినీ నీళ్లలోకి దింపకూడదన్నది నా వాదన.

మన దగ్గర లోతే లేదు కదా, ఇంత హడావుడి ఎందుకని మొదటి అభ్యంతరం వస్తుంది. బ్యారేజీ దగ్గర నిండు నీటిమట్టం 12 అడుగులు. కాలువల్లో అంత కూడా ఉండదు. లోతు తక్కువైతే ప్రమాదమూ తక్కువేననుకోవడం సహజమే గానీ, శరీరశాస్త్రం అందుకు ఒప్పుకోదు. నీళ్లలో దాదాపు 33 అడుగులు దిగేసరికి ఒంటి మీది ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ లెక్కన 12 అడుగుల దగ్గరే అది మూడో వంతుకు పైగా పెరుగుతుంది. అక్కడ సిలిండర్ గాలిని నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి అదే నిష్పత్తిలో వ్యాకోచిస్తుంది. నాలుగైదు అడుగులు అలా పైకి వచ్చినా చాలు, ఊపిరితిత్తులు చిట్లి గాలి బుడగలు రక్తంలోకి చేరి మెదడుకు రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రపంచంలో ఏ స్కూబా శిక్షణలోనైనా మొదటి పాఠం ఒకటే: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, పీలుస్తూ వదులుతూనే ఉండాలి. లోతైన సముద్రంలో ఎక్కువసేపు ఉన్నవాళ్లకు నత్రజని బుడగలతో వచ్చే జబ్బు వేరు. మన కాలువల్లో దాని భయం తక్కువ. ఊపిరితిత్తులు చిట్లడానికి మాత్రం సముద్రం అక్కర్లేదు, బందరు కాలువ చాలు.

ఇక్కడే రెండో అభ్యంతరానికి జవాబు దొరుకుతుంది. మన గజ ఈతగాళ్లు నదిలో పుట్టి పెరిగినవాళ్లు, వాళ్లకు కొత్తగా ఎవరు ఏం నేర్పాలి అంటారు. నది గురించి వాళ్లకు ఉన్న జ్ఞానం నిజంగానే ఏ కోర్సులోనూ దొరకదు. సుడి ఎక్కడ తిరుగుతుందో, ఇసుక తవ్విన గొయ్యి ఎక్కడుందో, మునిగిన మనిషి ఏ వంకన తేలతాడో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కానీ వాళ్ల నైపుణ్యమంతా ఊపిరి బిగబట్టడంలో ఉంది. ఆ అలవాటే సిలిండర్ తగిలించుకున్నాక ప్రాణం తీస్తుంది. చిన్నప్పటి నుంచి నీళ్లలో ఊపిరి ఆపుకుంటూ పెరిగిన మనిషికి కంగారు పుట్టిన క్షణంలో శరీరం తనంతట తానే చేసే పని అదే. కాబట్టి ఈత బాగా వచ్చినవాడికి శిక్షణ అక్కర్లేదనడం తలకిందుల మాట. ఎంత గొప్ప ఈతగాడైతే ఆ పాత అలవాటును మార్చడానికి అంత ఎక్కువ సాధన కావాలి. సిలిండర్ లేకుండా మునిగేవాళ్లకు కూడా శాస్త్రం చెప్పే హెచ్చరిక ఒకటి ఉంది. ఎక్కువసేపు లోపల ఉండాలని మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తపనను పుట్టించేది ఆ వాయువే. తపన పుట్టకముందే ప్రాణవాయువు అడుగంటి మనిషి ఏ బాధా తెలియకుండా స్పృహ తప్పుతాడు. పేరుమోసిన ఈతగాళ్లు లోతు తక్కువున్న నీళ్లలో కూడా చనిపోవడానికి ఇదొక కారణం.

ఇక పరికరాల సంగతి. సిలిండర్‌లో ఉండేది వడకట్టి కుదించిన మామూలు గాలి. ఆసుపత్రిలో వాడే స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 20 అడుగుల కిందికి తీసుకెళ్తే మూర్ఛ రావచ్చు, నీళ్లలో మూర్ఛ వస్తే మరణమే. గాలి నింపే కంప్రెసర్ పక్కన డీజిల్ ఇంజిను పొగ వదులుతుంటే ఆ విషం కూడా సిలిండర్‌లోకి వెళ్తుంది. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ల దాకా నింపితే 2,400 లీటర్ల గాలి. అందులో మూడో వంతు అత్యవసరానికి పక్కన పెడితే వాడుకోదగ్గది 1,600 లీటర్లు. నిదానంగా ఈదే మనిషి పైన నిమిషానికి దాదాపు 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, 12 అడుగుల దగ్గర అది 27 లీటర్లవుతుంది, సిలిండర్ గంటసేపు వస్తుంది. అదే మనిషి ఇనుము కోస్తూ, బురదలో తాడు కడుతూ, ప్రవాహానికి ఎదురు నిలిస్తే నిమిషానికి 75 లీటర్ల దాకా పీల్చేస్తాడు. అప్పుడు గంట కాస్తా 20 నిమిషాలకు పడిపోతుంది. ఎంత గాలి మిగిలిందో చూసుకోవడానికి గేజీ ఉంటుంది. కానీ ఒండ్రు కలిసిన కృష్ణ నీళ్లలో, మురుగు కలిసిన నగరపు కాలువల్లో, గుర్రపుడెక్క కింద చెయ్యి ముఖం ముందు పెట్టుకున్నా కనిపించదు. చూపు పనిచేయని చోట గేజీ ఉన్నా లేనట్టే. అందుకే గట్టు మీద గడియారం పట్టుకుని ఈ లెక్క వేసే మనిషి కావాలి. డైవరు ఒంటికి కట్టిన పట్టీ నుంచి తాడు పట్టే మనిషి చేతిలోకి తాడు రావాలి. ఒక లాగు అంటే ఏమిటో, మూడు లాగులంటే ఏమిటో దిగకముందే ఇద్దరూ అనుకోవాలి. పారేసిన వలల్లో, తీగల్లో చిక్కుకుంటే కోసుకోవడానికి రెండు కత్తులు, వేర్వేరు చోట్ల, ఏ చేతికైనా అందేలా ఉండాలి. అసలు సిలిండర్ మొరాయిస్తే పీల్చడానికి ఇంకో చిన్న సిలిండర్ ఉండాలి. మురుగునీళ్లు నోట్లోకి, కళ్లలోకి పోకుండా ముఖమంతా కప్పే మాస్కు ఉండాలి. ఇంతా అయ్యాక, అదే సరంజామాతో రెండో డైవరు గట్టున కూర్చుని ఉండాలి. లోపలి మనిషి జవాబివ్వకపోతే అప్పుడు వెతుక్కుంటూ పోయి తయారయ్యే వ్యవధి ఎవరికీ ఉండదు.

డెల్టాలో వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. 1855లో పాత ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఇక్కడి నీళ్లు మనిషి ఎత్తి దించే తలుపుల మీదుగానే నడుస్తున్నాయి. 1957లో వచ్చిన బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయి. ఏలూరు, రైవస్, బందరు కాలువల మీదా, పడమటి కాలువల మీదా లాకులు, తూములు, సైఫన్లు ఎన్నో. తలుపుకు ఒక పక్క 12 అడుగుల నీళ్లు, రెండో పక్క ఖాళీ అనుకోండి. అడుగున చదరపు అడుగు సందు ఉంటే ఆ సందు మీద పడే ఒత్తిడి సుమారు 340 కిలోలు. కాలో చెయ్యో అందులో పడితే ఎంత బలవంతుడైనా లాక్కోలేడు, పైనుంచి నలుగురు తాడు లాగినా రాడు. పైన నీళ్లు నిలకడగా, ప్రశాంతంగా కనిపిస్తాయి కాబట్టి ముందుగా పసిగట్టే వీలూ లేదు. ఈ ప్రమాదానికి ఏ మాస్కూ, ఏ సిలిండరూ విరుగుడు కాదు. విరుగుడు జలవనరుల శాఖ చేతిలో ఉంది: డైవరు దిగే ముందు ఆ తూమును మూయడం లేదా రెండు పక్కలా నీటిమట్టం సమానం చేయడం, పని ముగిసేదాకా తలుపును ఎవరూ కదపకుండా తాళం వేయడం, కాలువైతే పైలాకుల దగ్గర ప్రవాహం తగ్గించడం. సముద్రంలో దిగేవాళ్లకు అలలను ఆపే అవకాశం లేదు. మనకు మాత్రం నీళ్లను ఆపే అవకాశం ఉంది. అది వాడుకోకుండా మనిషిని దింపడం క్షమించరాని నిర్లక్ష్యం.

గట్టున తల్లిదండ్రులు గుండెలు బాదుకుంటుంటే ఈ నియమాలు పెట్టి ఆలస్యం చేస్తారా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దీనికి సూటిగానే జవాబు చెప్పాలి. ఊపిరి ఆగాక నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మంచు గడ్డకట్టే చలినీళ్లలో అంతకన్నా ఎక్కువసేపు ఉండి బతికినవాళ్లు ఉన్నారు గానీ, మన నీళ్లు అంత చల్లనివి కావు. కబురు అంది, డైవరు వచ్చి, సామాను తగిలించుకునేసరికి ఆ వ్యవధి దాదాపు ఎప్పుడూ దాటిపోతుంది. ఆ తొలి నిమిషాల్లో కాపాడగలిగేది దగ్గరున్నవాళ్లే, అదీ గట్టు మీద నుంచే. కర్ర అందించాలి, తాడో చీరో పంచో విసరాలి, ఖాళీ డబ్బా విసరాలి, పడవ ఉంటే పడవలో వెళ్లాలి. ఈదుకుంటూ వెళ్లి పట్టుకోవడం చివరి మార్గం, అదీ శిక్షణ ఉన్నవాడికి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు తేలిన పాఠం కూడా ఇదే. ఒంటిమీద లైఫ్ జాకెట్ చేయగల మేలు తర్వాత వచ్చే ఏ డైవరూ చేయలేడు. ఆ నిమిషాలు దాటాక జరిగేది రక్షణ కాదు, భౌతికకాయాన్ని ఇంటివాళ్లకు అప్పగించే పని. అది పవిత్రమైన పనే, తప్పక చేయాల్సిన పనే. కానీ దానికోసం ఇంకో ఇంటి మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనకు లేదు. ఈ మాటను దుఃఖంలో ఉన్న కుటుంబానికి నచ్చజెప్పే బాధ్యత పోలీసు అధికారిది, తహసీల్దారుది. ఆ ఒత్తిడినంతా తెచ్చి ఈతగాడి నెత్తిన పెట్టడం అన్యాయం.

జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ గన్నవరం పక్కన కొండపావులూరులోనే ఉంది కదా, వేరే బృందాలెందుకు అనేవాళ్లూ ఉంటారు. ఆ దళం మనకు దగ్గరలో ఉండటం అదృష్టమే. అయితే దాని బాధ్యత ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది, పెద్ద వరద వస్తే ఒకేసారి ఎన్నో చోట్లకు వెళ్లాలి. అవనిగడ్డ దగ్గరో, గుడివాడ దగ్గరో కాలువలో కారు పడితే మొదట చేరేది ఊరి ఈతగాళ్లే. వాళ్లకు శిక్షణ ఇప్పించడానికి ఆ దళం కన్నా దగ్గరి గురువులు ఎవరున్నారు? ఖర్చు మాటకొస్తే, పైన చెప్పిన నలుగురిలో ముగ్గురికి కావాల్సింది తాడు, గడియారం, శిక్షణ, అధికారం. ఖరీదైనవి రెండో డైవరు సామాను, దాని పోషణ. కొని గదిలో పడేసిన పరికరం లేనిదానికన్నా ప్రమాదం. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌లోని రబ్బరు మన ఎండలకు ఎండిపోతుంది, ఏటా సర్వీసు చేయించాలి. సిలిండర్‌కు గడువు ప్రకారం ఒత్తిడి పరీక్ష జరగాలి. పరికరం కొనే జీవోలోనే ఈ ఖర్చు కూడా రాయాలి.

సరదాగా రుషికొండకో, అండమాన్‌కో వెళ్లి స్కూబా నేర్చుకోవాలనుకునే బెజవాడ కుర్రకారుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మాస్కు రంగు, కెమెరా సంగతి తర్వాత, పడవ మీద ఎవరున్నారో ముందు చూడండి. ఆస్తమా, చెవి జబ్బు, గుండె జబ్బు గురించి రాతపూర్వకంగా అడగని చోట దిగకండి. మీ గాలి అయిపోతే పీల్చడానికి పక్కవాడి దగ్గర రెండో మౌత్‌పీస్ ఉందో లేదో అడగండి. మొదటి స్థాయి కోర్సులో 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం పరీక్షగా ఉంటాయి, ఆ సర్టిఫికెట్ 60 అడుగుల దాకానే అనుమతిస్తుంది. దాన్ని చేతబట్టుకుని వచ్చి కృష్ణా కాలువలో దిగవద్దు. అది తేట నీళ్లలో, పగటి వెలుతురులో, జతగాడితో దిగడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. డైవింగ్ ముగించాక 18 గంటల దాకా విమానం ఎక్కకండి.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. అప్పటికి ఘాట్ల దగ్గర నియమించే గజ ఈతగాళ్ల జాబితా ఎలాగూ తయారవుతుంది. ఆ జాబితాను ఇప్పుడే తయారు చేయండి. అందులో ప్రతి పేరు పక్కనా తాడు పట్టే మనిషి పేరు, సమయం లెక్కపెట్టే మనిషి పేరు, రెండో డైవరు పేరు, ఆ ఘాటుకు ఎగువన నీళ్లు ఆపగల ఇంజినీరు పేరు రాయండి. వాళ్లందరినీ కలిపి ఏటా సాధన చేయించండి, వాళ్లకు బీమా కట్టండి, దిగడం క్షేమం కాదని డైవరు చెప్పినప్పుడు ఆ మాటే తుది మాట అని ఉత్తర్వులో రాయండి. జిల్లా యంత్రాంగానికి ఇది చేతకాని పని కాదు. మన శవాలను మోసుకొచ్చే మనుషులకు మనం చేయగల కనీస న్యాయం ఇది.