అన్నీ కలిపే, ఆతిథేయి తప్ప

అమెరికా గురించి మన తెలుగువాళ్ళు రాసిన యాత్రా వ్యాసాల్లో చాలాకాలం నయాగరా, గ్రాండ్ కాన్యన్, లాస్ వేగస్ – ఈ మూడే రాజ్యమేలాయి. అమ్మానాన్నలు ఇండియా నించి వచ్చినప్పుడు తిప్పి చూపించే వరసా అదే. గత పది పదిహేనేళ్ళుగా ఈ జాబితాలో కొత్తగా చేరింది సముద్రపు ఒడ్డు రిసార్టు. అదీ మామూలు రిసార్టు కాదు. పిల్లలకి ప్రవేశం ఉండదు. గది, తిండి, తాగుడు, ఆటపాటలు అన్నిటికీ ముందే ఒక మొత్తం కట్టేస్తే, లోపల అడుగుపెట్టాక జేబులో చెయ్యి పెట్టాల్సిన పని ఉండదు. ఇక్కడ దీన్ని 'ఆల్ ఇన్‌క్లూజివ్' అంటారు. తెలుగులో 'అన్నీ కలిపి' అంటే సరిపోతుంది.

ఇరవయ్యో పెళ్ళిరోజుకో, పెద్దపిల్ల కాలేజీకి వెళ్ళిన ఏడాదో, చిన్నవాణ్ణి స్నేహితుల ఇంట్లో దింపి మొగుడూ పెళ్ళాం నాలుగు రోజులు వెళ్ళొస్తారు. వచ్చాక శనివారం పాట్‌లక్ విందులో ఆ కబుర్లన్నీ చెబుతారు. కాస్త రాసే అలవాటున్నవాళ్ళు తెలుగు సంఘం సావనీరుకి వ్యాసంగా ఇస్తారు. ఇప్పటికి ఇవి ఒక ప్రక్రియ అనదగ్గంతగా స్థిరపడ్డాయి. కథల్నీ కవితల్నీ విమర్శించినట్టే వీటినీ కాసేపు నిలబెట్టి చూడాలన్నది నా ఉద్దేశం. నాకున్న అర్హతల్లా ఒకటే. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా సోమవారం తెల్లవారుజామున విమానమెక్కి గురువారం రాత్రికి ఇల్లు చేరే బతుకు నాది. సగం జీవితం అతిథిగానే గడిచింది కాబట్టి అతిథులు చెప్పే మాటలకి నా చెవి బాగా అలవాటు పడింది.

ఈ కథలకి ఒక మూస ఉంది. మొదట చేతికి పట్టీ కడతారు, చల్లటి తుండుగుడ్డ ఇస్తారు, చిన్న గొడుగు గుచ్చిన గ్లాసు అందిస్తారు. తర్వాత శాకాహారం సమస్య వస్తుంది. వంటవాణ్ణి పిలిచి చెబితే అన్నమూ కూరముక్కలూ చేసి పెట్టాడు గానీ, సూట్‌కేసులో ఆవకాయ సీసా లేకపోతే కష్టమయ్యేది. మూడో అంకం గిట్టుబాటు లెక్క. రోజుకి ఎన్ని గ్లాసులు తాగితే కట్టిన డబ్బు రాబట్టుకున్నట్టు? ఒక్క చుక్క ముట్టని వెంకటేశ్వర భక్తుడు ఎన్ని కొబ్బరి బోండాలతో ఆ నష్టం పూడ్చుకోవాలి? నాలుగోది, పిల్లవాడికి రోజుకి మూడుసార్లు ఫోను. చివరికి "చాలా రిలాక్స్ అయ్యాం, మీరూ వెళ్ళండి" అని మంగళం.

ఇందులో వెటకారం చెయ్యాల్సింది పెద్దగా లేదు. ఈ మూసలోంచే అప్పుడప్పుడు మంచి సాహిత్యం తొంగిచూస్తుంది. ఒక స్నేహితుడి భార్య చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "మొదటి రాత్రి భోజనానికి ఎదురెదురుగా కూర్చున్నామా, ఏం మాట్లాడుకోవాలో తెలియక ఇద్దరం మెనూ రెండుసార్లు చదివాం." హోంవర్కులు, కూచిపూడి క్లాసులు, గ్రీన్‌కార్డు కాగితాలు తీసేస్తే మన దాంపత్యంలో మిగిలేదేమిటన్న ప్రశ్న ఆ ఒక్క వాక్యంలో ఉంది. మన కథకులు ఇరవయ్యేళ్ళుగా తడుముతున్న విషయం ఇదే. పాట్‌లక్‌లో అది అలవోకగా బయటపడింది. సావనీరుకి రాసేటప్పుడు మాత్రం ఇలాంటి వాక్యాలే ముందు కొట్టివేతకి గురవుతాయి. ఇది నా మొదటి ఫిర్యాదు. రెండోది ఇంతకంటే పెద్దది. దానికి ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

'అన్నీ కలిపి' పద్ధతి మొదట ధనవంతుల కోసం పుట్టలేదు. 1950లో గెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశస్థుడు స్పెయిన్ దీవి మయోర్కాలో, అల్కూదియా దగ్గర గుడారాలు వేసి క్లబ్ మెడ్ ప్రారంభించాడు. యుద్ధం నలిపేసిన ఐరోపాలో మామూలు మనుషులకి నాలుగు రోజుల ఎండా, సముద్రమూ అందించడం అతని ఆలోచన. తర్వాత్తర్వాత అక్కడ డబ్బు బదులు పూసలు చెలామణీ అయ్యాయి. ఒక విశేషం గమనించండి. అక్కడ పనిచేసేవాళ్ళూ అతిథులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవారు. అమెరికాలో జంటల సెలవులకి పెట్టింది పేరు పెన్సిల్వేనియాలోని పొకొనో కొండలు. అక్కడి కోవ్ హేవెన్‌లో మోరిస్ విల్కిన్స్ 1963లో హృదయాకారపు స్నానాల తొట్టి కట్టించి, హనీమూన్‌ని ఒక పరిశ్రమ చేశాడు. ఈ రెండు పాయల్నీ కలిపి సముద్రపు ఒడ్డుకి చేర్చినవాళ్ళలో ముఖ్యుడు జమైకాకి చెందిన బుచ్ స్టీవర్ట్. 1981లో మాంటెగో బేలో శాండల్స్ తెరిచాడు. జంటలకి మాత్రమే ప్రవేశం. 2004 దాకా జంట అంటే ఆడా మగా అనే అర్థం. అక్కడ టిప్పులూ వద్దన్నారు.

అమెరికా గడ్డ మీద ఇలాంటివి తక్కువే. ఇక్కడ మనిషి కూలి ఖరీదు. మద్యానికి రాష్ట్రానికో చట్టం. పైగా అతిథి చేతిలో కారుంటుంది, విసుగొస్తే బయటికెళ్ళి తినొస్తాడు. అయినా ఉన్నాయి. అమెరికా జెండా కిందే ఉన్న వర్జిన్ దీవుల్లో, సెయింట్ క్రోయ్ మీద దివి కరీనా బే ఉంది. పేరు వినగానే మనకి దివిసీమ గుర్తొస్తుంది గానీ, అక్కడి 'దివి' ఒక చెట్టు పేరు. ఫ్లోరిడా దక్షిణాన కీ లార్గోలో బంగళాస్ అనే పెద్దలకి మాత్రమేనన్న రిసార్టు వచ్చింది. బంగళా అన్న మాట మన దేశంనించి ఇంగ్లీషులోకి వెళ్ళిందే. మన తాలూకా కేంద్రాల్లో ట్రావెలర్స్ బంగళా ఉండేది. అందులో ఒక వాచ్‌మన్ ఉండేవాడు. కోడికూర బాగా వండుతాడని జిల్లా అంతా అతని పేరు చెప్పుకునేవారు. అతిథుల పేర్లు ఎవరికీ గుర్తుండేవి కావు.

నా రెండో ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. మన రిసార్టు కథల్లో ఆతిథేయి లేడు. అంటే యజమాని అని కాదు నేననేది. అన్నం పెట్టిన మనిషి. పది పేజీల వ్యాసంలో కుర్చీ దగ్గరికి గ్లాసు "వస్తుంది", పక్క "సర్ది ఉంటుంది", తువ్వాలు హంస ఆకారంలో "మడిచి ఉంటుంది". ఆ చేసింది ఎవరో ఒక్క వాక్యంలోనూ కనబడరు. మా వృత్తిలో ఇలా చెయ్యడాన్ని మంచి డిజైన్ అంటాం. వాడుకునేవాడికి తెర వెనక జరిగే పని కనపడకూడదు. రిసార్టు వాళ్ళు అలా కట్టుకోవడం వాళ్ళ వ్యాపారం. కానీ రచయిత కూడా ఆ తెరని అలాగే వదిలెయ్యడం సాహిత్యం కాదు.

మన సాహిత్యం ఈ విషయంలో బీదది కాదు. 1830 మే నెలలో మద్రాసు నించి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో ఏ ఊళ్ళో దిగాడు, అక్కడ ఏ వస్తువు దొరుకుతుంది, అక్కడి మనుషులెవరు అని మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళతో పనిలేకుండా అన్నం పెట్టారు. తిన్నవాళ్ళ పేర్లు పోయాయి, ఆమె పేరు నిలిచింది. ఇక కన్యాశుల్కం సంగతి సరేసరి. గిరీశాన్ని వెతుక్కుంటూ పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వస్తుంది. అన్నం పెట్టిన మనిషికి ఒక మొహం, ఒక నోరు, ఒక లెక్క ఉంటాయని గురజాడ చూపించాడు. 'అన్నీ కలిపి' రిసార్టు ఆ చీపురుని ముందుగానే కొనేసింది. ఈ దేశంలో టిప్పు పెట్టే క్షణంలోనైనా వడ్డించినవాడి మొహం ఒక్కసారి చూస్తాం. అదీ ప్యాకేజీలో కలిపేస్తే ఆ చూపుకి కూడా అవసరం ఉండదు.

బయటి సాహిత్యంలోనూ దీన్ని పట్టుకున్నవాళ్ళున్నారు. ఆంటిగ్వా దీవిలో పుట్టి అమెరికాకి వచ్చిన జమైకా కింకెయిడ్ 1988లో 'ఎ స్మాల్ ప్లేస్' రాసింది. విమానం దిగే టూరిస్టుని 'నువ్వు' అని సంబోధిస్తూ, అతను చూడనివన్నీ ఒక్కొక్కటే చూపిస్తుంది. ఆ దీవివాసికీ నాలుగు రోజులు ఎక్కడికైనా పోవాలనే ఉంటుంది, పోవడానికి డబ్బుండదు. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1996లో ఒక విలాస నౌక మీద రాసిన పెద్ద వ్యాసంలో చిన్న ఘట్టం ఉంది. మర్యాదకి తన సంచి తనే మోసుకుపోతాడు. దానివల్ల పాపం ఆ లెబనాన్ పోర్టరు చిక్కుల్లో పడతాడు. ఒకరిది ఆతిథేయి కోపం, ఒకరిది అతిథి ఇబ్బంది. మనం ఈ ఇద్దరిలో ఎవరిమీ కాదు. మనకి మూడో చోటొకటి ఉంది. దాన్నించి ఎవరూ రాయడం లేదన్నదే నా బాధ.

ఆ మూడో చోటు ఏమిటో నాకు ఫ్లోరిడా కీస్‌లోనే తెలిసింది. పేరు అనవసరం. నేనూ మా ఆవిడా మూడు రోజులున్న చోట పొద్దున్నే టీ తెచ్చిచ్చే ఆయన జమైకావాడు, యాభై దాటి ఉంటాయి. మీదే దేశమని అడిగాడు, చెప్పాను. "మీరు ఏ 'హెచ్' మీద వచ్చారు?" అన్నాడు. హెచ్-1బి అన్నాను. ఆయన నవ్వి, "నాది హెచ్-2బి. మీకూ నాకూ మధ్య ఒక్క అంకె" అన్నాడు.

నిజంగానే ఒక్క అంకె. 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టం ఈ రెండు వీసాలకీ ఒకేసారి పరిమితి పెట్టింది. కంప్యూటర్లు రాసే మాబోటివాళ్ళకి ఏడాదికి 65,000. హోటళ్ళలో, తోటల్లో, చేపల ఫ్యాక్టరీల్లో సీజను పనికి వచ్చేవాళ్ళకి 66,000. తర్వాత వచ్చిన చట్టం ఇక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకని మాకు ఇంకో 20,000 కలిపింది. రెండు వీసాలూ యజమాని పేరుకి ముడిపడినవే. రెంటికీ భార్యాపిల్లలకి వచ్చేది అదే హెచ్-4. మా ఆవిడ ఆ హెచ్-4 మీద, మాస్టర్స్ డిగ్రీ బీరువాలో పెట్టుకుని ఆరేళ్ళు ఇంట్లో కూర్చుంది. తేడా ఎక్కడంటే, మాది ఆరేళ్ళు, గ్రీన్‌కార్డు వరసలో ఉంటే ఆ పైనా. వాళ్ళది ఎంత పొడిగించినా మూడేళ్ళు, తర్వాత దేశం వదలాలి. సీజను ఉద్యోగం కోసం కుటుంబాన్ని వెంట తెచ్చుకునేంత స్తోమత ఎంతమందికి ఉంటుంది?

ఆయనకి పదో తరగతి చదివే కూతురుంది. చూసి ఎనిమిది నెలలైందన్నాడు. మేం మా వాణ్ణి వదిలి అప్పటికి రెండు రోజులు. అయిదుసార్లు ఫోన్ చేశాం.

'పిల్లలకి ప్రవేశం లేదు' అన్న బోర్డు అప్పుడు నాకు రెండు వైపులా కనపడింది. గేటుకి ఇటువైపు వాళ్ళు పిల్లలు లేని నాలుగు రోజుల కోసం డబ్బు కడతారు. అటువైపు వాళ్ళు పిల్లలు లేని ఎనిమిది నెలలకి డబ్బు పుచ్చుకుంటారు. కీస్‌లో ఇళ్ళ అద్దెలు పనివాళ్ళకి అందవు. ఫ్లోరిడా సిటీ, హోమ్‌స్టెడ్‌ల నించి తెల్లారకుండానే బస్సెక్కి వచ్చేవాళ్ళు కొందరు, సాయంత్రం అదే దారిన తిరిగిపోతారు. ఈ దీవులది పగడపు నేల. సహజమైన ఇసుక తీరం చాలా తక్కువ. చాలా చోట్ల అతిథి కాళ్ళ కింది ఇసుక కూడా ఎక్కడి నించో తెచ్చి పోసిందే. అలా చూస్తే అక్కడ ఇసుకా వలస వచ్చిందే, టీ ఇచ్చినాయనా వలస వచ్చినవాడే, తాగిన నేనూ వలస వచ్చినవాణ్ణే.

ఇది అపరాధభావం కోసం చెప్పడం లేదు. రిసార్టుకి వెళ్ళొద్దని అసలే చెప్పడం లేదు. ఇరవయ్యేళ్ళు గొడ్డుచాకిరీ చేసిన దంపతులు నాలుగు రోజులు సముద్రం వైపు కాళ్ళు చాపుకుంటే తప్పు పట్టేవాడెవడు? మెనూ రెండుసార్లు చదివిన ఆ దంపతులు మూడోరోజుకి మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారట. అది చిన్న లాభమేమీ కాదు. నేనడిగేది రాత గురించి. లాటరీలో పేరు రాకపోతే ఏమిటి, యజమాని మారితే ఏమిటి, పాస్‌పోర్టు మీద ముద్ర పడకపోతే ఏమిటి అని ఏళ్ళ తరబడి ఊపిరి బిగపట్టి బతికిన అనుభవం మనది. ఆ అనుభవం గురించి మన సంకలనాల్లో కథలకి కొదవ లేదు. కానీ ఆ కథల్లో వలస వచ్చినవాడు ఎప్పుడూ 'నేనే'. ఎదురుగా ట్రే పట్టుకుని నిలబడ్డ ఇంకో వలసవాడు కనపడగానే మన కలం అతిథి భాషలోకి మారిపోతుంది. బయటి విమర్శకుడికి రాని గుర్తింపు, ఆ ఒక్క అంకె దగ్గరితనం, మన దగ్గర ఊరికే పడి ఉంది.

ఇక ముందు ఈ యాత్రలు రాసేవాళ్ళకి నాదొక విన్నపం. బఫే గురించి నాలుగు పేరాలు రాయండి, అభ్యంతరం లేదు. అయిదో పేరాలో వడ్డించిన మనిషి ఏ ఊరివాడో, ఇంటికెప్పుడు వెళతాడో రాయండి. అతను చెప్పడానికి ఇష్టపడకపోతే ఆ సంగతే రాయండి. లెక్క ముందే కట్టేశాం కాబట్టి చీపురు పట్టుకుని అడగడానికి ఎవరూ రారు. అడక్కపోయినా లెక్క చెప్పడం రాసేవాడి పని.