‘ఉక్కు గుహలు’ – దండము, న్యాయము

అపరాధపరిశోధక నవలను కాలక్షేపగ్రంథముగా నెంచుట విమర్శకులకు పరిపాటి. భావికాలమును వర్ణించు వైజ్ఞానిక కల్పనయు నట్టి యనాదరమునకే పాత్రమైనది. ఐనను, ఈ రెండు శాఖలును గలసిన యొక యాంగ్లనవల న్యాయస్వరూపమును గూర్చి గంభీరమైన ప్రశ్నను లేవదీసినందున దానిని విచారించుట యుక్తమని తలంచుచున్నాము. అది ఐజాక్ అసిమోవు (1920–1992) రచించిన ‘ఉక్కు గుహలు’. 1953లో ‘గెలాక్సీ’ పత్రికలో ధారావాహికముగా వెలువడి, 1954లో గ్రంథరూపము దాల్చెను.

కథారంగము వేలయేండ్ల తరువాతి న్యూయార్కు. ఉక్కు కప్పు క్రింద రెండుకోట్ల జనులు క్రిక్కిఱిసి యుందురు. భోజనము సామూహికశాలలలో, వసతులు ఉద్యోగశ్రేణినిబట్టి. ఆరుబయట నిలుచుటకే వారు వెఱతురు. నగరము చెంతనున్న యన్యగ్రహవాసుల స్థావరమున సార్టన్ అను శాస్త్రజ్ఞుడు హతుడగును. పరిశోధన పోలీసు ఉద్యోగియైన ఎలైజా బెయిలీకి అప్పగింపబడును. సార్టన్ రూపముననే నిర్మింపబడిన డానీల్ అను యంత్రమానవుడు అతనికి సహచరుడు.

వైజ్ఞానిక కల్పనలో అపరాధపరిశోధన పొసగదని సంపాదకుడు జాన్ కాంబెల్ భావించెను. రచయిత యిష్టమువచ్చిన యంత్రమును సృష్టించి చిక్కు విడదీయవచ్చునుగదా! అసిమోవు ఈ యాక్షేపమునకు రచనతోనే సమాధానమిచ్చెను. యంత్రమానవుడు మనుష్యుని జంపలేడు. నగరవాసి బయలు దాటి నడువలేడు. ఈ రెండు నియమములు మొదటనే తెలుపబడినవి. ముడి వానినుండియే పుట్టినది, వానినుండియే వీడినది. కమీషనరు ఎండర్బీయే హంతకుడు. ఆయుధమును బయలు దాటించినవాడు సామీ యను పరిచారక యంత్రమానవుడు.

ఐనను గ్రంథమునకు ప్రాణము ఈ చిక్కుముడి కాదు. చట్టములన్నియు అమలగుటయే న్యాయమని డానీల్ మతము. అన్యాయమైన చట్టమను మాటయే అతనికి అర్థము కాదు. బెయిలీ బైబిలునందలి వ్యభిచారిణి కథ చెప్పి, దండమునకు పైన దయ కలదని బోధించును. తుదకు, డానీల్‌ను ధ్వంసము చేయబోయి పొరపాటున సార్టన్‌ను జంపిన ఎండర్బీకి శిక్ష తప్పును. చెడును నశింపజేయుటకంటె మంచిగా మార్చుట మేలని డానీల్ గ్రహించును.

ఈ ముగింపు మనోహరము. కాని, అది నిజముగా దయయేనా? భూవాసులను క్రొత్త గ్రహములకు వలసపంపు యత్నమునకు తోడ్పడవలెనను నియమముపై ఎండర్బీ విడువబడెను. అన్యగ్రహవాసులకును అప్పటికి పరిశోధనపై ఆసక్తి సన్నగిల్లెను. తమకు నష్టము లేనప్పుడు చూపిన క్షమ రాజనీతి యగునేగాని, సంపూర్ణమైన దయ కాజాలదు. మఱియు, బెయిలీపై నేరము మోపుటకై ఎండర్బీ సామీని ధ్వంసము చేసెను. ఆ విధ్వంసము తుది విచారమున దాదాపు లెక్కకు రాలేదు. యంత్రము దయ నేర్చిన కథలో యంత్రమునకు దయ దక్కకపోవుట గమనింపదగినది.

ఈ లోపము రచయిత యుద్దేశించినదో, ఏమఱిపాటో నిర్ణయింపము. చట్టము నమలుపఱచువాడు చట్టమునకు హద్దును గుర్తింపవలెనని నవల చెప్పుచున్నది. ఆ గుర్తింపు అధికారము గలవారి సౌకర్యమునకు లోబడుననియు, తాను చెప్పకయే, చూపుచున్నది. ఈ రెండవ సత్యమే మొదటిదానికంటె విలువైనదని మా యభిప్రాయము.