బిగింపే ఆధారమా? – స్పోర్ట్స్ బ్రా రూపకల్పన: విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వస్త్రాన్నీ కృతివలెనే పఠించవచ్చు. దాని కత్తిరింపు, కుట్టు, కొలత అనేవి ధరించేవారి దేహాన్ని రూపకర్తలు ఎలా ఊహించారో తెలుపుతాయి. స్పోర్ట్స్ బ్రాను స్త్రీస్వేచ్ఛకు చిహ్నంగా కీర్తించడం పరిపాటి. ఒక రూపకల్పనగా దాన్ని తూచి చూడడం అరుదు. తొలి నమూనా సాధించిన విజయంలోనే నేటి లోపానికి మూలం ఉందన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన.

2. జాక్‌స్ట్రాప్ నుంచి జాగ్‌బ్రా

అమెరికాలో 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించింది. బాలికలు, యువతులు పెద్దసంఖ్యలో క్రీడల్లోకి వచ్చారు. ఆ దశకంలోనే జాగింగ్ ప్రబలింది. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ఉన్న లీసా లిండాల్‌కు పరుగులో మామూలు బ్రా ఇబ్బందికరమైంది. పురుష క్రీడాకారులకు జాక్‌స్ట్రాప్ అనే ఎలాస్టిక్ లంగోటీ ఉన్నట్టు స్త్రీలకు ఏదీ ఎందుకు లేదని ఆమె సోదరి అడిగిన ప్రశ్నే ఈ ఆలోచనకు బీజం. రంగస్థల దుస్తుల రూపకర్త పాలీ స్మిత్, ఆమె సహాయకురాలు హిండా ష్రైబర్ తోడయ్యారు. 1977లో రెండు జాక్‌స్ట్రాప్‌లను కలిపి కుట్టారు. నడుముపట్టీ పక్కటెముకల చుట్టూ చేరింది. కాళ్లపట్టీలు వీపుమీద ఒకదాన్నొకటి దాటి భుజపట్టీలయ్యాయి. ‘జాగ్‌బ్రా’కు 1979 నవంబరు 20న పేటెంట్ లభించింది.

ఈ నమూనాలో మెచ్చదగిన గుణాలు తక్కువేమీ కావు. భుజాలనుంచి జారని పట్టీలు, చర్మాన్ని ఒరయకుండా బయటివైపుకు తిప్పిన కుట్లు, గుచ్చుకునే కొక్కేలు లేకపోవడం – ఇవన్నీ పరిగెత్తే మనిషి ఫిర్యాదులకు నేరుగా ఇచ్చిన జవాబులు. రంగస్థలానికి కుట్టేవారికి కదిలే దేహం పరిచితం. ఆ అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది. దీన్ని లోదుస్తుగా కాక క్రీడాసామగ్రిగా, ఆటవస్తువుల దుకాణాల్లో అమ్మాలన్న నిర్ణయం కూడా సాహసోపేతమైనదే.

3. రెండు కొలతలు ఒకటైన చోట

ఆ నిర్ణయంలోనే చిక్కు దాగి ఉంది. మామూలు బ్రాకు రెండు కొలతలు ఉంటాయి. మొదటిది ఛాతీకింది చుట్టుకొలత. రెండోది కప్పు పరిమాణం. కప్పును సూచించే అక్షరానికి దానంతట అదిగా అర్థం లేదు. నిండు ఛాతీకి, ఛాతీకింది కొలతకు మధ్య ఉన్న తేడానే అది తెలుపుతుంది. అందువల్లనే 32డి, 34సి, 36బి కప్పుల్లో పట్టే పరిమాణం దాదాపు ఒకటే. ఆటవస్తువుల దుకాణంలో బనియన్లలాగే స్మాల్, మీడియం, లార్జ్‌గా అమ్మేసరికి ఈ రెండు కొలతలూ ఒకటిగా కరిగిపోయాయి. సన్నని పక్కటెముకలు, బరువైన వక్షోజాలు గల స్త్రీకి ఆ పట్టికలో చోటు లేదు. ఛాతీని చూసి పెద్దది తీసుకుంటే పట్టీ వదులవుతుంది, పట్టీని చూసి చిన్నది తీసుకుంటే ఊపిరి బిగుస్తుంది. అమ్మకపు సౌలభ్యం కోసం చేసిన సర్దుబాటు క్రమేణా రూపకల్పనా సూత్రంగా స్థిరపడింది. జాగ్‌బ్రాపై చేయదగిన ప్రధాన విమర్శ ఇదే.

శరీరధర్మం ఈ విమర్శను బలపరుస్తుంది. వక్షోజంలో దాన్ని నిలిపే కండరం లేదు. చర్మం, 19వ శతాబ్దపు బ్రిటిష్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ పేరిట పిలిచే సన్నని బంధకతంతువులు మాత్రమే ఆధారం. పరుగులో అది కిందికీ పైకీ మాత్రమే ఊగదు. పక్కలకూ, ముందువెనుకలకూ కూడా కదులుతుందని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి చూపారు. ఛాతీకి అదిమిపట్టే పద్ధతి చిన్న పరిమాణానికి చాలుతుంది. బరువు పెరిగేకొద్దీ రెండు వక్షోజాలనూ వేర్వేరు కప్పుల్లో పొదివిపట్టడం, అవసరమైతే రెండు పద్ధతులనూ కలపడం తప్పనిసరి. బరువును ప్రధానంగా మోయవలసింది కింది పట్టీ. అది వదులైతే భారమంతా భుజాలమీద పడి పట్టీలు చర్మంలో గాడులు చేస్తాయి. అదే పట్టీ అతిగా బిగిస్తే శ్వాసతో విచ్చుకోవలసిన పక్కటెముకలు విచ్చుకోవు. ఈ రెంటి నడుమ ఇరుకైన హద్దును పట్టుకోవడమే నిజమైన రూపకల్పన. ‘ఎంత బిగువో అంత ఆధారం’ అన్న భావన ఆ శ్రమను తప్పించుకునే దారి.

2012 లండన్ మారథాన్‌లో పాల్గొన్న స్త్రీలపై జరిగిన అధ్యయనంలో సుమారు మూడోవంతుమంది వక్షోజాల నొప్పి ఉన్నట్టు తెలిపారు. కప్పు పరిమాణం పెరిగినకొద్దీ ఆ నొప్పి ఎక్కువమందిలో కనిపించింది. జాగ్‌బ్రా పుట్టిన మూడున్నర దశాబ్దాలకు తేలిన సంగతి ఇది. ఈ లోగా 1999 జులై 10న పాసడీనాలో చైనాపై నిర్ణాయక పెనాల్టీ గోలు చేసిన బ్రాండీ చాస్టెయిన్ చొక్కా విప్పి నల్లని స్పోర్ట్స్ బ్రాతో మోకరిల్లిన ఛాయాచిత్రం లోకమంతా చూసింది. ఆ వస్త్రానికి రావలసిన గౌరవం వచ్చింది. దాని కొలతల గురించిన ప్రశ్న మాత్రం ఆ కీర్తివెలుగులో మరుగునపడింది.

4. కొలతల భాష

తెలుగులో ఈ వస్త్రాన్ని ప్రస్తావించవలసివస్తే ‘లోదుస్తులు’ అన్న సమూహవాచకం చాటుకు పోవడం అలవాటు. విచిత్రమేమంటే కొలతల భాషకు తెలుగునాట కొరత లేదు. జాకెట్టు కుట్టే దర్జీకి ఛాతీ కొలత వేరు, కింది పట్టీ కొలత వేరు. డాట్లు ఎక్కడ పడాలో, క్రాస్‌కట్ ఎవరికి నప్పుతుందో, కటోరీ ఎవరికి అవసరమో ఆ దుకాణంలో సంకోచం లేకుండానే మాట్లాడుకుంటారు. ఒక్కొక్క దేహానికీ విడిగా కొలత తీసే ఈ సంప్రదాయం, మూడు నాలుగు సైజుల్లో అందరినీ సర్దే క్రీడాదుస్తుల పద్ధతికంటే వాస్తవానికి దగ్గరగా ఉంది. అయితే జాకెట్టు నిలిచి ఉన్న దేహానికి కొలిచి కుట్టేది. పరుగుకు అది సరిపోదు.

ఈ మౌనానికి మూల్యం చెల్లించేది ఎక్కువగా పాఠశాల బాలికలే. 2016లో బ్రిటన్ పాఠశాల బాలికలపై ప్రచురితమైన అధ్యయనంలో దాదాపు సగంమంది, వక్షోజాలకు సంబంధించిన ఇబ్బంది తమ ఆటలపై ఎంతోకొంత ప్రభావం చూపుతోందన్నారు. సగానికి పైగా బాలికలు ఆటల సమయంలో స్పోర్ట్స్ బ్రా ఎన్నడూ ధరించలేదు. ఈ విషయమై మరింత తెలుసుకోవాలని అత్యధికులు కోరారు. వారికి తెలియజెప్పవలసిన సంగతులు కష్టమైనవేమీ కావు: చేతులెత్తినప్పుడు కింది పట్టీ పైకి జరగకూడదు, దానికింద రెండు వేళ్లు మాత్రమే దూరాలి, కప్పు అంచున చర్మం పొంగకూడదు, సాగిపోయిన ఎలాస్టిక్‌ను మార్చాలి. వీటన్నిటికంటే ముందు, వేసుకుని కాసేపు ఉన్నచోటనే గెంతి చూడాలి. పరుగుకోసం కొనే ఈ వస్త్రాన్ని నేటికీ ఇరుకైన ట్రయల్ గదిలో, కదలకుండా నిలబడి, అద్దంలో చూసి ఎంచుకోవలసివస్తోంది.