జిక్ర్, శ్వాస, హిప్నాటిజం

బాన్సువాడ వంటి మన పట్టణాలలో ఈ చర్చ రెండు వైపుల నుండి వినవస్తుంది. జిక్ర్ హల్ఖాలో శ్వాసతోపాటు ఎగసే “హూ, హూ” ధ్వనిని విని, చదువుకున్న యువకుడు ఇది వట్టి హిప్నాటిజమని తీసిపారేస్తాడు. మరొక సోదరుడు ఆ ధ్వనిలో తనకు కమ్మిన మైకాన్నే ఆధ్యాత్మికోన్నతిగా భావిస్తాడు. శరీరంలో కలిగే మార్పే జిక్ర్ సారమని ఇద్దరూ అనుకుంటున్నారు. పొరపాటు అక్కడే ఉంది.

హిప్నాటిజం అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ మాంచెస్టర్‌లో శస్త్రవైద్యుడు. 1841లో ఒక మెస్మరిజం ప్రదర్శన చూచి, 1843లో తన గ్రంథం వెలువరించాడు. చూపునూ ధ్యాసనూ ఒకే చోట నిలిపితే ఒక విధమైన నిద్ర కలుగుతుందనీ, అందులో అదృశ్యశక్తి ఏదీ లేదనీ అతని వాదం. తరువాత ‘దబిస్తాన్’ అనే ఫార్సీ గ్రంథపు ఆంగ్లానువాదం ఆధారంగా యోగుల సాధనలను కూడా ఈ కోవలోనే చేర్చాడు. ప్రాచ్యదేశాల ఆరాధనలన్నిటినీ ఒకే గాటన కట్టే అలవాటుకు ఇటువంటి వ్రాతలే ఊతమిచ్చాయి.

శ్వాస ప్రభావాన్ని కాదనవలసిన పని లేదు. 2001లో ఇటలీ వైద్యుడు బెర్నార్డీ, ఆయన సహచరులు 23 మందిని పరీక్షించారు. క్రైస్తవుల లాటిన్ జపమాల ప్రార్థన, బౌద్ధుల మంత్రం రెండూ శ్వాసను నిమిషానికి దాదాపు 6 సార్లకు తగ్గించి, గుండె లయను క్రమపరచినవి. అంటే ఈ ఫలితం శ్వాసది, విశ్వాసానిది కాదు. అమెరికా హృద్రోగ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో వెలువరించిన పుస్తకంలో నిశ్వాసతోపాటు “వన్” అని మనసులో అనుకొమ్మన్నాడు. ఒకటి అనగానే మనకు తౌహీద్ స్ఫురిస్తుంది గాని, ఆయనకు కావలసినది అర్థం కాదు, తటస్థమైన శబ్దం.

ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా’లో చెప్పిన క్రమం దీనికి తలక్రిందులు. సాధకుడు ఏకాంతంలో అల్లాహ్ నామాన్ని పలుకుతూ పోగా మొదట నాలుక కదలిక ఆగుతుంది, తరువాత అక్షరాల రూపం కూడా హృదయం నుండి చెరిగిపోతుంది, అర్థం మాత్రం నిలుస్తుంది. హిప్నాటిస్టు గుక్కతిప్పని గొణుగుడులో అర్థం జారిపోయి శబ్దం మిగులుతుంది. జిక్ర్‌లో శబ్దం జారిపోయి అర్థం మిగలాలి. యువకుడు చూడనిది ఇదే.

ఇక రెండవ సోదరుని సంగతి. నిసా సూరా 43వ ఆయత్ మత్తులో నమాజును సమీపించవద్దని ఆదేశిస్తూ, పలుకుతున్నదేమిటో తెలియడమే హద్దుగా పెట్టింది. కునికిపాట్లు వచ్చినవాడు నమాజు ఆపి పడుకోవాలనీ, లేకుంటే క్షమాపణ కోరబోయి తనను తాను తిట్టుకోవచ్చుననీ దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం గలదు. కేవలం “హూ” అనే సర్వనామాన్ని జపించడాన్ని ఇబ్ను తైమియా (రహ్మ) తప్పుపట్టారు. అది పూర్తి వాక్యం కాదు, దానినుండి విశ్వాసం గాని అవిశ్వాసం గాని తేలదని ఆయన ఆక్షేపణ. ఆయనది కఠినమైన తీర్పే. అయినా వదలుతున్న శ్వాసతో “లా ఇలాహ”, పీలుస్తున్న శ్వాసతో “ఇల్లల్లాహ్” అనే పాసె అన్ఫాస్‌కు ఈ ఆక్షేపణ వర్తించదు. అక్కడ వాక్యం పూర్తిగానే ఉంది. షా వలీయుల్లాహ్ (రహ్మ) ‘అల్ ఖౌలుల్ జమీల్’లో ఇటువంటి పద్ధతులను వివరిస్తూనే, గమ్యం వీటివల్లనే సిద్ధిస్తుందని అనుకోవద్దన్నారు. మన హల్ఖాలలో పద్ధతి నేర్పేవారు ఈ రెండవ మాటను ఎందుకు వదలివేస్తారో తెలియదు. మైకంలో ఉన్నవాని మనసు ఎదుటివాడు చెప్పినదల్లా నమ్మడానికి సిద్ధంగా ఉంటుంది. అటువంటి వేళ మొక్కుబడులూ కానుకలూ నిర్ణయింపజేయడం జిక్ర్ కాదు. అది అచ్చంగా ఆ యువకుడు చెప్పిన హిప్నాటిజమే.

బీజాపూరు చిష్తీ సూఫీల పరంపరలో దక్కనీ భాషలో ‘చక్కీనామా’లు వెలసినవి. విసుర్రాయి త్రిప్పే స్త్రీలకోసం కూర్చిన పాటలవి. చేతి కదలికకు లయ కుదురుతుంది, ఆ లయలో తౌహీద్ పాఠం సాగుతుంది. మైకానికి అక్కడ తావు లేదు. పిండి కూడా చూసుకోవాలి గదా!