పెకలించలేని గోడలు

తమిళనాడులో కారైక్కుడి వైపు వెళ్లొచ్చిన వాళ్లంతా అక్కడి చెట్టినాడు మేడల్లోని బర్మా టేకు స్తంభాల గురించీ, ఇటలీ పాలరాయి గురించీ, బెల్జియం అద్దాల గురించీ చెబుతారు. డబ్బుంటే ఓడ మీద ఏదైనా దిగుతుంది. నన్నడిగితే చెట్టినాడు గొప్పతనమంతా గోడల్లో ఉంది.

గుల్ల సున్నం, సన్న ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్లు, పై పూతలోకి కోడిగుడ్డు తెల్లసొన. పొర మీద పొర వేస్తారు. పైకి వచ్చేకొద్దీ నూరుడు మెత్తనవుతుంది. ఆఖరి పూతను తడి ఆరకముందే నున్నటి రాయితో రుద్దుతారు. తొందరపడితే పూత లేచిపోతుంది, ఆలస్యమైతే మెరుపు పట్టదు. ఆ అదను చేతికి తెలియాల్సిందే. ఎనభై, వందేళ్లు దాటినా తడిగుడ్డతో తుడిస్తే మెరిసే గోడలున్నాయక్కడ. వాటిని తీర్చిన మేస్త్రీల పేర్లు ఏ గడప మీదా కనిపించవు. ఇల్లు కట్టించిన షావుకారు పేరు మాత్రం కనిపిస్తుంది!

నేల సంగతి మరో అద్భుతం. అక్కడి ఆత్తంగుడి ఊళ్లో చేసే పలకకు కొలిమితో పనిలేదు. గాజు మీద ఇనుప చట్రం పెట్టి, అచ్చు గళ్లలో రంగు కలిపిన సిమెంటు పోసి, వెనక ఇసుక, సిమెంటు దట్టిస్తారు. నీళ్లలో నాని ఎండాక గాజు విడిపోతుంది, దాని నునుపు పలకకు మిగులుతుంది.

మన గోదావరి మండువా లోగిళ్లను వరసగా పేర్చినట్టు, ముందు వీధి నుంచి వెనక వీధి దాకా సాగే ఈ ఇళ్లకు సొమ్ము నాట్టుకోట్టై చెట్టియార్ల వడ్డీ వ్యాపారం నుంచి వచ్చింది. బర్మా, సిలోను, మలయా. అదే రంగూన్‌లో రేవుల్లోనూ రైసుమిల్లుల్లోనూ మన తెలుగు కూలీలు బస్తాలు మోశారు. వాళ్లు మేడలు కట్టలేదు. 1930 మాంద్యంలో బర్మా రైతు అప్పు తీర్చలేక పొలం వదులుకున్నాడు. దిగువ బర్మా వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలోని భూమి 1930లో 6 శాతం, 1938 నాటికి 25 శాతం. 1942లో జపాను సైన్యం వచ్చింది, తర్వాత స్వతంత్ర బర్మా భూముల్ని జాతీయం చేసింది. రాబడి పోయింది, ఇళ్లు మిగిలాయి.

ఇంటికి వారసులు ఎందరో. ఒకరు బాగు చేద్దామంటే మరొకరు అమ్మేద్దామంటారు. చివరికి స్తంభం, తలుపు, దూలం విడివిడిగా కారైక్కుడి మునీశ్వరన్ కోవిల్ వీధి పాతసామాన్ల కొట్లకు చేరతాయి. అక్కడి నుంచి నగరాల ఫామ్‌హౌస్‌లకూ హోటళ్లకూ. వాటిని కొనే సేకరణకర్తలు కళను కాపాడామంటారు! విప్పి మోయగలిగినదాన్నే వాళ్లు కాపాడింది. పూతను విప్పలేరు, అందుకే దానికి బజారులో ధర లేదు. అన్నిటికన్నా గొప్ప పని వానకు నాని రాలిపోతోంది. పైగా సిరామిక్ బిళ్ల మీద ఆత్తంగుడి పువ్వు అచ్చేసి అమ్ముతున్నారు. కాలికింద నలిగేకొద్దీ మెరుగెక్కే పలకకు అదా బదులు?

చెట్టినాడు ఊళ్లు 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. జాబితా పెంకు సర్దదు. కొన్ని మేడలు హోటళ్లయ్యాయని ముక్కు విరిచేవాళ్లతో నేను ఏకీభవించను. అద్దె వస్తే కప్పు మీదికి ఎక్కే మనిషి ఉంటాడు. అయితే ఆ యజమానులకు ఒక్క విన్నపం: పెచ్చులూడిన చోట సిమెంటు పుయ్యకండి, అది తేమను లోపలే బంధించి పక్కనున్న పాత పూతనూ ఊడగొడుతుంది. సున్నం పనివాణ్ణి పిలవండి, అతని పక్కన ఓ కుర్రాణ్ణి నిలబెట్టి ఇద్దరికీ కూలి ఇవ్వండి.