తైలవర్ణాభ్యాసం: నకలు ఎందాకా?

పునరుజ్జీవన కాలపు ఐరోపా చిత్రాల్లోని వస్త్రధారులకు నకలు వేస్తూ తైలవర్ణాలు నేర్చుకోవడం బానిసబుద్ధి అని కొందరు కొట్టిపారేస్తారు. అదే కళకు పరాకాష్ఠ అని మరికొందరు పూజిస్తారు. రెండూ తప్పే. ఇక్కడ ప్రశ్న నకలు వెయ్యాలా వద్దా అన్నది కాదు. దాన్నుంచి ఏం తీసుకోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది.

తీసుకోవలసింది చాలానే ఉంది. మోకాలి మీద బిగిసిన గుడ్డా, పాదాల దగ్గర కుప్పపడిన గుడ్డా వెలుగును ఒకేలా పట్టుకోవు. లోపలి ఒళ్లు ఎటు తిరిగి ఉందో మడతే చెబుతుంది. లియొనార్డో యువకుడిగా ఉన్నప్పుడు మట్టిబొమ్మలకు తడిమట్టి పట్టించిన గుడ్డలు కప్పి, వాటిని చూసి గీశాడని వసారి రాశాడు. అంటే ఆ మహానుభావులు కూడా మడతలను ఊహించుకోలేదు, ఎదురుగా పెట్టుకుని చూశారు. పని క్రమం కూడా నకలే నేర్పుతుంది: ముందు ఒకే రంగులో వెలుగునీడలు, ఆపైన పలచని రంగుపొరలు, కింది పొరలో అవిసెనూనె తక్కువ, పై పొరలో ఎక్కువ. ఇది తిరగబడితే బొమ్మ పగుళ్లు తీస్తుంది.

అయితే ఆ గుడ్డ ఎవరిది? ఫ్లారెన్సు సంపదకు మూలం ఉన్ని, పట్టు వర్తకాలు. ఆ ఉన్ని పనివాళ్లు 1378లో తిరగబడ్డారు. దేవతలకు కట్టినా ఆ బరువైన మడతల్లో ఉన్నది వర్తకుడి గుడ్డే. ఇది తెలియని అభ్యాసికి పనితనంతో పాటు ఆ దర్పం కూడా అంటుకుంటుంది.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) బొంబాయి జె.జె. స్కూలులో పాశ్చాత్య పద్ధతి చదివాడు. చదివి అక్కడే ఆగిపోలేదు; తెలుగు మనుషుల్నీ, గోదావరినీ తన బొమ్మల్లోకి తెచ్చుకున్నాడు.

గొలుగొండ ప్రాంతంలో కుంచె పట్టే యువకుడికి ఈ ప్రశ్న మరీ దగ్గరిది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన కృష్ణదేవిపేట అక్కడిదే. అతని సమాధీ అక్కడే ఉంది. అతన్నీ, అతని వెంట నడిచిన గిరిజనుల్నీ చిత్రించాలని ఏ చిత్రకారుడికైనా అనిపిస్తుంది. కాని ఉతికి ఉతికి పలచబడిన నూలుగుడ్డ ఉన్నిలా నిలబడదు. చెమటకు ఒంటికి అతుక్కుంటుంది. ఫ్లారెన్సు మడతలు తొడిగితే వీరుడు కాస్తా దేవదూత అవుతాడు; అతని వెనక కొండా, మనుషులూ మాయమైపోతారు.

కనుక నకలు వెయ్యండి. దాని పక్కనే ఒక నేతపంచెను కుర్చీ మీద పరిచి, అంతే శ్రద్ధగా అదీ వెయ్యండి. రెండు గుడ్డల మధ్య తేడాను కుంచె పట్టుకున్న రోజున నకలుతో పని తీరినట్టే.